మా వరికయ్య మీద పేజ్‌ర్యాంక్ వేస్తే జెర్రిగొడ్డు మొదటొచ్చింది. ఎక్కడ తప్పు చేశాను?

కోవూరు_కుర్రోడు • చర్చ మొదలుపెట్టినవారు

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ కంప్యూటర్స్ రెండో ఏడు చదువుతున్నా. ప్రాజెక్టుకి పేజ్‌ర్యాంక్ తీసుకున్నా, అంటే ఏ వెబ్ పేజీ ఎంత ముఖ్యమో లింకుల్ని బట్టి వరస పెట్టే గూగుల్ పద్ధతి. వెబ్ పేజీల మీద అందరూ చేసేదే కాబట్టి నేను మా ఊరి పొలం మీద చేద్దామనుకున్నా. వరికయ్యలో ఎవరు ఎవర్ని తింటారో మా తాత చెప్తుంటే రాసుకున్నా.

సుడిదోమ వరి దుబ్బుని పీలుస్తుంది. ఎలుక వరిని కొరుకుతుంది. నీళ్లలో పెరిగే బురద పురుగులు నాచునీ, కుళ్లిన ఆకునీ తింటాయి. సాలీడు సుడిదోమనీ బురద పురుగుల్నీ పడుతుంది. కప్ప ఆ రెండింటినీ, సాలీడుని కూడా మింగుతుంది. జెర్రిగొడ్డు కప్పనీ ఎలుకనీ పట్టుకుంటుంది. మొత్తం ఎనిమిది: వరి, నాచు, సుడిదోమ, బురద పురుగులు, ఎలుక, సాలీడు, కప్ప, జెర్రిగొడ్డు.

తిండి నుంచి తినేవాడి వైపు బాణాలు గీసి, పైథాన్‌లో నెట్‌వర్క్ఎక్స్ అనే లైబ్రరీకి ఇచ్చి నడిపితే జెర్రిగొడ్డు మొదట, కప్ప రెండు, వరి, నాచు అట్టడుగున వచ్చాయి. తాతకి చూపిస్తే "వరే లేకపోతే ఇంక పామేందిరా" అన్నాడు. ఆయన మాటే నిజమనిపిస్తా ఉంది. కోడ్‌లో తప్పు దొరకలేదు. ఎవరైనా చెప్పండి.

జువాలజీ_మేష్టారు • కావలి

బాబూ, కోడ్ తప్పు కాదు, బాణం దిక్కు తప్పు. ఆహార వలలో మేము తిండి నుంచి తినేవాడి వైపు బాణం వేస్తాం. శక్తి అటు పోతుంది గనక. పేజ్‌ర్యాంక్‌కి అదే బాణం ఇస్తే విలువంతా పైకి పారి, చివరన ఉన్న పాము దగ్గర మడుగు కడుతుంది.

ఈ పని సరిగ్గా చేసినవాళ్లు స్టెఫానో అలెసీనా, మెర్సెడెస్ పాస్కువల్ అనే పరిశోధకులు. వాళ్ల వ్యాసం 2009లో ప్లాస్ కంప్యుటేషనల్ బయాలజీ పత్రికలో వచ్చింది. వాళ్ల ఊహ చాలా సూటిగా ఉంటుంది. వెబ్‌లో "ముఖ్యమైన పేజీలు దేన్ని చూపిస్తాయో ఆ పేజీ ముఖ్యం" అంటాం. ప్రకృతిలో "ముఖ్యమైన జీవులు దేని మీద బతుకుతాయో ఆ జీవి ముఖ్యం" అనాలి. అంటే విలువ తినేవాడి నుంచి తిండి వైపు దిగాలి. నీ బాణాలన్నీ తిప్పేసి చూడు.

లెక్కల_అక్క • ఒంగోలు

మేష్టారి మాటకి ఇంకొకటి చేరుస్తాను. బాణాలు తిప్పడంతో సరిపోదు తమ్ముడూ, వరి దగ్గర ఇంకో చిక్కు వస్తుంది. వరి ఎవర్నీ తినదు. విలువ అక్కడికి దిగి ఆగిపోతుంది. వెబ్‌లో కూడా ఎటూ లింకు లేని పేజీ దగ్గర ఇదే జరుగుతుంది. గూగుల్ స్థాపించిన బ్రిన్, పేజ్ 1998లో స్టాన్‌ఫర్డ్‌లో ఈ పద్ధతి రాసినప్పుడు దానికో ఉపాయం పెట్టారు. చదివేవాడు నూటికి 85 సార్లు లింకు పట్టుకుని పోతాడు, మిగతా 15 సార్లు ఏదో ఒక పేజీకి ఊరికే దూకుతాడు. నీ లైబ్రరీ అడక్కుండానే వేసుకున్న 0.85 అదే.

కానీ పొలంలో ఎవరూ ఊరికే దూకరు కదా. కప్ప లేచి ఒక్కసారిగా నాచు మీద ఆధారపడదు. అలెసీనా, పాస్కువల్ ఇక్కడ చేసింది నాకు ఎంతో నచ్చింది. ఆ దూకుడు తీసేసి మట్టిని కూడా ఒక ముడిగా, అంటే బాణాలు కలిసే బిందువుగా పెట్టారు. మొక్కలు మట్టిని "తింటాయి". ప్రతి జీవీ చచ్చి మట్టిలో కలుస్తుంది. అందుకని మట్టి తన విలువని అందరికీ సమానంగా పంచుతుంది. వలయం మూసుకుంది, ఎక్కడా ఆగదు, జవాబు ఒక్కటే వస్తుందని గణితంలో పెరాన్, ఫ్రొబేనియస్ సిద్ధాంతం హామీ ఇస్తుంది. లెక్క కోసం పెట్టిన ముడి పొలంలో జరిగేదానికి అచ్చంగా సరిపోయింది.

నీ ఎనిమిదింటికీ కంప్యూటర్ కూడా అక్కర్లేదు, కాగితం మీద చేద్దాం. మట్టి చేతిలో 8 ఉందనుకో, ఒక్కొక్కరికి 1 ఇచ్చింది.

జెర్రిగొడ్డుని తినేవాళ్లు నీ జాబితాలో లేరు, కాబట్టి దానికి 1 మాత్రమే. అది కప్పకి సగం, ఎలుకకి సగం దించుతుంది. కప్ప 1.5, ఎలుక 1.5. కప్ప తన 1.5ని ముగ్గురికి అర చొప్పున పంచుతుంది. సాలీడుకి 1.5 అయింది. సాలీడు దాన్ని సుడిదోమకి 0.75, బురద పురుగులకి 0.75 దించుతుంది. ఆ రెండూ చెరి 2.25. సుడిదోమ మొత్తం వరికే ఇస్తుంది, ఎలుకా అంతే. వరి 1 + 1.5 + 2.25 = 4.75. బురద పురుగులు సగం నాచుకి, సగం కుళ్లిన చెత్తకి, అంటే మట్టికి. నాచు 2.125. ఇప్పుడు మట్టికి తిరిగొచ్చేది కూడు: 4.75 + 2.125 + 1.125. సరిగ్గా 8. లెక్క మూసుకుంది.

కోవూరు_కుర్రోడు

అక్కా, కూర్చుని నేనూ కాగితం మీద చేశా. అవే వచ్చాయి. వరి 4.75తో మొదట. తాతకి చూపించా. "అది సరే" అని ఊరుకున్నాడు. ఆయన సరే అనడం పెద్ద విషయం.

ఒక సందేహం. ఎవరికి ఎక్కువ లంకెలుంటే వాళ్లే ముఖ్యం అనుకోవచ్చు కదా? అట్టా చూస్తే కప్పకి నాలుగు లంకెలు, అందరికన్నా ఎక్కువ. వరికి రెండే.

జువాలజీ_మేష్టారు • కావలి

పాతకాలం కొలత అదే. తీసి చూస్తే తేలిపోతుంది. కప్పని తీసెయ్. నీ జాబితాలో తిండి లేక చచ్చేవాళ్లు ఒక్కరూ లేరు, పాముకి ఎలుక మిగిలి ఉంది. వరిని తీసెయ్. సుడిదోమా ఎలుకా రెండూ పోతాయి. రెండు లంకెల వరి, నాలుగు లంకెల కప్ప కన్నా ఎక్కువమందిని తనతో తీసుకుపోయింది. అలెసీనా వాళ్లు తమ వ్యాసంలో, అంతకుముందే అచ్చయిన 12 ఆహార వలల మీద ఇదే పరీక్ష పెట్టారు. లంకెల లెక్కతో జీవుల్ని తీసేసుకుంటూ పోవడం కన్నా, ఈ ర్యాంకు వరసలో తీస్తే వల త్వరగా కూలింది. ఒకరి పోక వల్ల మరొకరు పోవడాన్ని పసిగట్టడంలో ఇది గట్టి పద్ధతి.

బుచ్చి_రైతు

నేను లెక్కలు చదువుకున్నోణ్ని కాదు, తప్పుంటే సర్దుకోండి. సుడిదోమకి 2.25, సాలీడుకి 1.5 అంటన్నారు. అంటే దోమ సాలీడు కన్నా ముఖ్యమనా? మా కయ్యలో రెండేళ్ల కిందట ఏం జరిగిందో చెప్తా.

నాటిన ఇరవై రోజులకి ఆకుముడత కనపడింది. మందుల అంగడాయన చెప్పిన మందు కొట్టా. ఆకు బాగానే తేరుకున్నట్టు కనపడింది. ఇంకో వారం పది రోజులకి మళ్లీ కొట్టా. పొట్ట దశకి వచ్చాక పొద్దున్నే గెనెం మీద పోతా ఉంటే కయ్య నడిమధ్యన చాపంత మేర ఎండిపోయుంది. దిగి దుబ్బుని వంచి మొదట్లో తట్టా. నీళ్ల మీద దుమ్ము రాలినట్టు రాలింది దోమ. పక్క దుబ్బు తట్టా, అంతే. ఒక్క సాలీడు లేదు. మామూలుగా దుబ్బు తట్టగానే నీళ్ల మీద పరిగెత్తేది అదే ముందు. ఆ చాపలు చాపలన్నీ కలిసి నాలుగు రోజుల్లో సుళ్లు తిరిగినట్టు ఎండింది. ఎకరాకి మూడు పుట్లు పండాల్సిన చోట ఒక పుట్టికి దిగింది.

పక్క కయ్య మా పెదనాయన కొడుకుది. డబ్బుల్లేక ఆయన మొదటి మందు కొట్టలేదు. ఆయనది నిలబడింది. ఈ లెక్కలో సాలీడు అంత కిందుంటే ఆ లెక్క నాకు పనికొస్తదా?

లెక్కల_అక్క • ఒంగోలు

అన్నా, మీరడిగిందే ఈ చర్చలో అసలు ప్రశ్న. ఈ లెక్కకి తెలిసిన చావు ఒక్కటే, ఆకలి చావు. "వీడు పోతే ఎవరు పస్తు ఉంటారు" అని అడిగితే జవాబిస్తుంది. "వీడు పోతే ఎవరు పెచ్చుపెరుగుతారు" అని అడిగితే దానికి ఏమీ తెలియదు. సాలీడు విలువ రెండో ప్రశ్నలో ఉంది.

జువాలజీ_మేష్టారు • కావలి

అక్కగారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దీనికి మా శాస్త్రంలోనే పెద్ద సాక్ష్యం ఉంది. రాబర్ట్ పెయిన్ అనే ఆయన అమెరికా పడమటి తీరంలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక రాతి ఒడ్డున నక్షత్ర చేపల్ని ఏరి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చాడు. అవి ఆల్చిప్పల్లాంటి మస్సెల్స్‌ని తినేవి. నక్షత్ర చేప పోయేసరికి మస్సెల్స్ రాతినంతా ఆక్రమించాయి. 15 జాతులున్న చోట 8 మిగిలాయి. 1966లో ఈ ఫలితం అచ్చయింది. 1969లో ఆయనే "కీస్టోన్ జాతి" అన్న పేరు పెట్టాడు. కీస్టోన్ అంటే కమాను నడినెత్తిన ఉండే రాయి. అది లాగేస్తే కమాను కూలుతుంది.

ఇప్పుడు ఆ నక్షత్ర చేపకి మన లెక్క వేయండి. దాన్ని తినేవాళ్లు ఆ రాతి మీద లేనట్టే. మన పాముకి వచ్చినట్టే అట్టడుగు మార్కు వస్తుంది. కీస్టోన్ అన్న మాట పుట్టిందే దాని వల్ల, లెక్కేమో దాన్ని చివర కూర్చోబెడుతుంది. అందుకే "పేజ్‌ర్యాంక్‌తో కీస్టోన్ జాతుల్ని కనిపెట్టొచ్చు" అని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. అది ఆధారాల్ని కనిపెడుతుంది, కాపలాదారుల్ని కాదు.

రైతు అన్న చెప్పిన కథ ఆయన ఒక్కడిది కాదు. ఇండోనేషియాలో ఇదే సుడిదోమ దేశాన్నే ఊపేసింది. మందులు సాలీళ్లనీ, దోమ గుడ్లు పీల్చే మిరిడ్ నల్లుల్నీ ముందు చంపడంతో దోమ మరింత పెరిగింది. 1986లో ఆ దేశాధ్యక్షుడు వరి మీద 57 రకాల మందుల్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు.

కొత్తపట్నం_తీరం

మాది సముద్రం వైపు. నాకు ఇంకోటి తోచింది. అక్కా, మీరు కప్ప విలువని ముగ్గురికి సమానంగా పంచారు. తినడం అట్టా సమానంగా ఉండదు కదా. మా అమ్మ సావడ చేప కోసేటప్పుడు నేను పక్కన కూర్చుంటా. పొట్ట చీలిస్తే నెత్తళ్లు వరసగా పేర్చినట్టు వస్తాయి. ఎప్పుడో ఒకసారి ఒక రొయ్య. దానికి నెత్తళ్లూ రొయ్యా రెండూ తిండే అని రాసి చెరి సగం పంచితే అబద్ధం అవుతుంది. పైగా చిన్న సావడ తినేది వేరు, నిలువెత్తు సావడ తినేది వేరు. పేరు ఒకటే.

లెక్కల_అక్క • ఒంగోలు

నిజం అమ్మా. బాణానికి బరువు ఇవ్వొచ్చు. ఎంత తింటుందో తెలిస్తే ఆ పాళ్లలో పంచుతాం, సూత్రం మారదు. పిల్లా పెద్దా రెండు ముడులుగా రాయొచ్చు. కష్టమంతా లెక్కలో లేదు, మీ అమ్మగారిలా పొట్ట కోసి చూసేవాళ్లు దొరకడంలో ఉంది.

గూడబాతు • నాయుడుపేట

పక్షులు చూసేవాణ్ని. నేలపట్టు పక్షుల కేంద్రం గురించి చెప్పకుండా ఉండలేను. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మాకు అది ఎప్పుడూ నెల్లూరు నేలపట్టే. గూడబాతులు చెరువు నీళ్లలో మునిగి నిలబడే కడప చెట్ల మీద గూళ్లు పెడతాయి. నీళ్లు చుట్టూ ఉంటే నక్కా పిల్లీ రావు. తిండికి పులికాట్ దాకా పోయి చేపలు పట్టుకొస్తాయి. రెట్ట పడిన ఆ చెరువు నీళ్లు పొలానికి బలమని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ పక్షుల్ని కాపాడుకుంటారు.

ఇప్పుడు ఆహార వల గీయండి. గూడబాతు కడప ఆకు తినదు, కాయ తినదు. చెట్టుకీ పక్షికీ మధ్య గీతే లేదు. ఆ చెట్లు కొట్టేస్తే మీ లెక్కలో గూడబాతుకి ఏమీ కాదు. అక్కడేమో గూడు పెట్టడానికి కొమ్మే ఉండదు.

జువాలజీ_మేష్టారు • కావలి

చాలా మంచి ఉదాహరణ. తిండి లంకె కాని లంకెలు, అంటే గూడు, నీడ, పుప్పొడి మోసుకుపోవడం, ఇవన్నీ వేరే గీతలుగా రాయాలి. తిండి గీతల్తో కలిపేస్తే విలువలకి అర్థం చెడుతుంది.

కోవూరు_కుర్రోడు

నిన్న రాత్రంతా వీటి గురించే ఆలోచించా. రైతన్న చెప్పినదాంట్లో ఒక మాట నన్ను వదల్లేదు, "నాటిన ఇరవై రోజులకి". ఆ రోజుకి కయ్యలో సుడిదోమ లెక్కపెట్టేంత ఉండదని తాత చెప్పాడు. మరి నా వలలో దోమ ఎందుకుంది? నేను పంట కాలం మొత్తాన్ని ఒక్క బొమ్మలో కుక్కేశా. అందుకని సుడిదోమని తీసేసి, నాటిన తొలి నెల బొమ్మ వేరే గీసి, మట్టి చేతిలో 7 పెట్టి మళ్లీ పంచా.

జెర్రిగొడ్డు 1. కప్ప, ఎలుక 1.5 చొప్పున. ఇప్పుడు కప్ప తన 1.5ని ఇద్దరికే, సాలీడుకి 0.75, బురద పురుగులకి 0.75. సాలీడు 1.75, మొత్తం బురద పురుగులకే దించుతుంది. బురద పురుగులు 1 + 0.75 + 1.75 = 3.5. నాచు 2.75. వరి 2.5.

తొలి నెలలో వరికయ్యలో వరి మూడో స్థానం. మొదటి స్థానం నేను పేరు కూడా సరిగ్గా రాయలేకపోయిన బురద పురుగులది. మూడుసార్లు కూడి చూసుకున్నా. మట్టికి తిరిగొచ్చింది 1.75 + 2.75 + 2.5, ఏడే.

లెక్కల_అక్క • ఒంగోలు

నేనూ సరిచూశాను. సరైనదే. తమ్ముడూ, ఈ ఫలితాన్నే నీ ప్రాజెక్టుకి వెన్నెముక చేసుకో.

జువాలజీ_మేష్టారు • కావలి

బాబూ, నువ్వు కాగితం మీద చేరిన చోటికి, ఇండోనేషియాలోని జావా దీవి వరి పొలాల్లో పురుగులు లెక్కపెట్టినవాళ్లు ముందే చేరారు. 1996లో సెటిల్, ఆయన సహచరులు ఎకాలజీ పత్రికలో రాశారు. నాటిన కొత్తలో నీళ్లలో కుళ్లిన చెత్తనీ, నాచునీ తినే చిన్న పురుగులు విపరీతంగా పుడతాయి. అవి పంటకి చేటు చెయ్యవు. సాలీళ్లు మొదలైన వేటగాళ్లు వాటిని తిని పెరిగి, దోమ వచ్చే నాటికి బలగంతో సిద్ధంగా ఉంటాయి. పశువుల ఎరువు వంటి కుళ్లే పదార్థం పొలంలో చేరిస్తే ఈ పురుగులూ పెరిగాయి, వాటి వెంట వేటగాళ్లూ పెరిగాయి. తొలి రోజుల్లో మందు కొడితే ఈ మెట్టే విరిగిపోతుంది.

రైతు అన్న కయ్యలో మొదటి మందు సాలీళ్లని చంపి ఉంటుంది, మిగిలినవాటి తిండిని కూడా చంపి ఉంటుంది. కాపలాదారు విలువని ఈ లెక్క చూపించలేదన్నాను, ఆ మాటకి కట్టుబడే ఉన్నాను. కానీ కాపలాదారుకి కూడు పెట్టేదెవరో మాత్రం ఇది చూపించింది. వియత్నాంలో మెకాంగ్ డెల్టా రైతులకి మొదటి 40 రోజులు ఆకు తినే పురుగుకి మందు కొట్టవద్దని 1990లలోనే ప్రచారం చేశారు. లేత పైరు ఆకు పోయినా మళ్లీ చిగురేసుకుంటుంది.

బుచ్చి_రైతు

మేష్టారూ, ఇది చదివి కాసేపు ఏమీ తోచలేదు. మా నాయన బతికుండగా నాట్లకి ముందు దిబ్బ ఎరువు తోలేవాడు, కానుగాకు తొక్కించేవాడు. భూమికి బలమని అనుకునేవాళ్లం. సాయంత్రం పూట కయ్య మీద సన్నదోమ పొగలాగా లేచేది, ఆ పొగలోకి తూనీగలు వచ్చి పడేవి. ఆ సన్నదోమ చూసి మేం చిరాకు పడేవాళ్లం. దిబ్బ ఎరువు మానేశాక ఆ పొగ చూసిన గుర్తు లేదు నాకు. అది సాలీడుకి అన్నం అని ఎవరూ చెప్పలేదు.

ఈసారి రెండెకరాలకి ఎరువు తోలతా. ఆకుముడత వచ్చినా నెల దాకా మందు డబ్బా ముట్టను. దుబ్బుల్లోకి గాలి ఆడేట్టు రెండు మీటర్లకొక కాలిబాట కూడా వదుల్తా.

జువాలజీ_మేష్టారు • కావలి

అన్నా, ఆశతో పాటు కన్ను కూడా పెట్టి ఉంచండి. వారానికోసారి దుబ్బులు తట్టి చూడండి. మందు అసలే వద్దని నేను అనడం లేదు. దుబ్బు తట్టినప్పుడు దోమెంత, సాలీడెంత అని రెండూ చూసి తేల్చుకోవాలి.

కోవూరు_కుర్రోడు

రైతన్నా, మీకు అభ్యంతరం లేకపోతే మీ రెండెకరాల్లో, మందు కొట్టే మరో కయ్యలో నేను లెక్కపెడతా. నాటినప్పటి నుంచి పది రోజులకొక బొమ్మ గీస్తా. కొత్తపట్నం అక్క చెప్పినట్టు ఎవరు దేన్ని ఎక్కువ తింటన్నారో కూడా రాస్తా. తూనీగల్ని నేను అసలు పెట్టనే లేదు, మిరిడ్ నల్లుల్ని కూడా. మేష్టారూ, సాలీళ్లని ఎట్టా లెక్కపెట్టాలి? పగలు చూస్తే ఒకటీ రెండే కనపడుతున్నాయి.

జువాలజీ_మేష్టారు • కావలి

రాత్రి పో. టార్చిలైటు నుదుటి మీద కట్టుకో, చేత్తో పట్టుకుంటే సరిగ్గా కనపడదు. వెలుగు నీ కంటి పక్క నుంచే పోవాలి. గెనెం మీద నిలబడి నీళ్ల మీదుగా చూడు. తోడేలు సాలీళ్ల కళ్లు సన్నటి చుక్కల్లా మెరుస్తాయి. ఒక చదరపు మీటరు తాడు కట్టుకుని అందులో చుక్కలు లెక్కపెట్టుకో. బురద పురుగులకి తెల్ల బేసిన్ తీసుకుపో, బురద నీళ్లు కొంచెం పోసి తేరుకోనిస్తే కదిలేవి కనపడతాయి. ఎర్రగా సన్నటి దారాల్లా మెలికలు తిరిగేవి ముందు చూడు.

బుచ్చి_రైతు

రా అబ్బయ్యా. నాట్లు అయ్యాక కబురు చేస్తా. రాత్రి పూట ఒక్కడివే గెనెం మీద తిరగొద్దు, నేనూ వస్తా. మోకాళ్ల దాకా బూట్లు తెచ్చుకో, మీ లెక్కలో చివరాఖర్న ఉన్నా జెర్రిగొడ్డుతో పాటు నాగుపాము కూడా మా కయ్యలో తిరుగుతా ఉంటది.